పదిహేడో నంబరు చెట్టు

అటవీశాఖలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడగానే ఒకటే అడుగుతారు: "సార్, మీరు పులిని చూశారా?" చూడలేదు. నా సర్వీసులో సగం పైగా హైదరాబాద్ పాతబస్తీలో గడిచింది. అక్కడ నేను చూసిన భయంకరమైన జంతువు మా రేంజి ఆఫీసర్ గారొక్కరే. ఆయన కూడా భోజనం అయ్యాక మెత్తబడేవారు. కాబట్టి మీకు చెప్పడానికి నా దగ్గర పులికథ లేదు, ఒక పెయింటు డబ్బా కథ ఉంది. ఆ డబ్బాతో నేను దొంగలకు చేసిన సాయం వాళ్ళ సొంత బావమరుదులు కూడా చేసి ఉండరు. చదివి నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

తొంభైల మధ్యలో నన్ను అడవి నుంచి తీసి పాతబస్తీలో పడేశారు. నిజాయితీగా పనిచేస్తే ఇదీ శిక్ష అని మా కృష్ణా జిల్లా బంధువులందరి దగ్గరా చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. మా పై అధికారి అత్తగారు కూర్చున్న జీపును నేను దగ్గరుండి వాగులో దింపించాను. "నీళ్ళు మోకాలి లోతే" అని హామీ ఇచ్చింది కూడా నేనే. ఆవిడ అంత పొట్టిమనిషని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

పాతబస్తీలో అడవి ఎక్కడుందని అడక్కండి. అటవీశాఖకు అడవి ఉండి తీరాలన్న రూలు ఎక్కడా లేదు. కోత మిల్లుల లైసెన్సులు, చిలకలు అమ్మేవాళ్ళ పంజరాలు, గాలివానకు రోడ్డు మీద పడ్డ చింతచెట్లు, ఇవే మా అడవి. పురానాపూల్ దగ్గర ఒక పాత మేడ కింద మాకొక గది. అందులో నేను, నాకు తోడు ఒక గార్డు. ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన మనిషి. నాకంటే వయసు పదేళ్ళు ఎక్కువ, జీతం సగం, తెలివి రెట్టింపు. మూడోది నాకు తెలిసేసరికి కొంత ఆలస్యమైంది.

కిషన్‌బాగ్‌లో ఒక పాత తోట ఉండేది. ప్రహరీ సగం కూలిపోయింది, మిగతా సగం ముహూర్తం కోసం చూస్తోంది. దానిమ్మ, సీతాఫలం, కరివేపాకు, కానుగ కలగాపులగంగా పెరిగిన ఆ తోటలో ముప్పై ఒక్క గంధపు చెట్లు ఉన్నాయి. ఎవరూ నాటినవి కావు. పిట్టలు పండు తిని గింజ రాలిస్తే లేచినవి. నిలబడి ఉన్న గంధపు చెట్టు చూడ్డానికి ఉత్త అమాయకురాలు. వాసన రాదు. పరిమళమంతా లోపలి చేవలో ఉంటుంది. దానికి ఆనుకుని కూర్చుని బీడీ కాల్చుకున్న మనిషికి కూడా అదేం చెట్టో తెలియదు.

తోట యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. లుంగీ మీద కోటు వేసుకునేవాడు. మొదటిసారి వెళ్ళినప్పుడే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు.

"దేఖో సాబ్, జమీన్ నాది. దాని మీద నిలబడ్డ ఝాడ్ మీది. నేను కొమ్మ కొడితే నా మీద కేసు. చోర్ వచ్చి కొట్టినా ముందు నన్నే పిలుస్తరు. గింత మంచి ఝాడ్ నా దుష్మన్ ఇంట్ల గూడ ఉండొద్దు."

"మరి కొత్త మొలకలు కనబడవేమండీ?"

"పొద్దున్నే పీకేస్త. దిల్ గుంజుతది. అయినా పీకేస్త."

అప్పటి రూల్స్ అలాగే ఉండేవి. చెట్టును కాపాడడానికి రాసిన కాగితమే ఆ ముసలాయన చేత రోజూ మొలకలు పీకించేది. నేను బుర్ర ఊపి, టీ తాగి వచ్చాను.

ఆ నెలలోనే పైనుంచి ఆర్డరు వచ్చింది: గంధపు చెట్లకు నంబర్లు వేసి జాబితా పంపాలి. నాకు పనిమీద ఉత్సాహం పొంగింది. జీపు సంఘటన తరవాత ఏదైనా ఘనకార్యం చేసి పేరు నిలబెట్టుకోవాలని ఉండేది. తెల్ల పెయింటు తెప్పించాను. ప్రతి చెట్టు బెరడూ కొంచెం చెక్కి, గుండ్రంగా అచ్చు వేసినట్టు నంబరు రాశాను. అంతటితో ఊరుకున్నానా? టేపు పెట్టి చుట్టుకొలత తీసి, అది కూడా నంబరు కింద రాశాను. ఆర్డరులో అది లేదు. అది నా సొంత తెలివి.

గార్డు మూడో చెట్టు దాకా ఓపిక పట్టాడు.

"సార్, ఒక మాట చెప్త, గుస్సా కావొద్దు. ఏది గంధపు చెట్టో గిప్పటిదాంక ఈ బస్తీల మాలిక్‌కి, మీకు, నాకు ఎరుక. గిట్ల నంబర్లు ఏస్తే దొంగలకు దావత్ చీటీ పంపినట్టే."

"ప్రభుత్వం నంబరు చూస్తే దొంగ భయపడతాడయ్యా" అన్నాను.

అతను పెయింటు డబ్బా అందించి, "అట్లనే సార్" అన్నాడు. కింది ఉద్యోగి "అట్లనే సార్" అంటే దాని అసలు అర్థం "నీ ఖర్మ" అని మీకు నేర్పడమే ఈ జ్ఞాపకం రాయడంలో ఒక ఉద్దేశం. రేంజి ఆఫీసర్ గారు వచ్చి తోట చూసి, నా భుజం తట్టి, తనిఖీ పుస్తకంలో "చాలా చక్కని పని" అని రాసి వెళ్ళారు.

నెల తిరక్కుండా మూడు చెట్లు పోయాయి. నాలుగు, తొమ్మిది, పదిహేడు. మూడూ లావుపాటివే. సన్నవాటి జోలికి దొంగలు పోలేదు. ఎందుకు పోతారు, ఏది లావో నేనే రాసిపెట్టాను కదా. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారు. నేను ఏ తాళం ఏ బీరువాదో చీటీ కట్టి మరీ ఇచ్చాను. మొదళ్ళు చూస్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. అంత చేవ పట్టడానికి ఆ చెట్లకు నా సర్వీసు కంటే ఎక్కువ కాలం పట్టింది.

పెద్దాయన ఈసారి కూర్చోమనలేదు.

"ఉన్న ఇరవై ఎనిమిది గూడ మీరే తీస్కపోండ్రి సాబ్. లేకుంటే వేర్లతోటి పీకిస్త. కేసు పెట్టుకోండ్రి. రోజూ డర్‌తోని బతికేకన్నా ఒక్కసారి జేల్‌కి పోయొస్త."

బతిమాలగా బతిమాలగా గడువిచ్చాడు. దానిమ్మ కాయలు రంగు తిరిగేదాకా ఆగుతానన్నాడు. అప్పటికి కాయలు నిమ్మకాయలంత ఉన్నాయి.

ఆఫీసులో రేంజి ఆఫీసర్ గారి సలహా ఇంకా సులువుగా ఉంది. "దొంగ దొరక్కపోతే ఆ ముసలాయన మీద రాసెయ్యవయ్యా. ఫైల్లో ఎవరిదో ఒకరి పేరుండాలి కదా."

గార్డు ఆ మాట విన్నాడు. మర్నాడు పొద్దున్నే నన్ను పురానాపూల్ వెనకాల ఒక గల్లీలోకి నడిపించాడు. ఆ గల్లీలో ఇంటింటికీ ఖరాదు, అంటే కట్టెను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే మిషను. అక్కడివాళ్ళు గంధపు పూసలు చేస్తారు. తొంభై తొమ్మిది గుచ్చితే ముస్లింలు తిప్పే తస్బీ అయి పత్తర్‌గట్టి దుకాణాలకు పోతుంది, నూట ఎనిమిది గుచ్చితే జపమాల అయి గుళ్ళ ముందుకు పోతుంది. పూస మాత్రం ఒకటే, తీసే చెయ్యీ ఒకటే.

గల్లీలో పెద్ద ఖరాదు ఒక ఆడమనిషిది. యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక ఆ పని తనే పట్టుకుంది. నన్ను చూసి మిషను ఆపింది గానీ లేవలేదు. గార్డు మూలనున్న గోనెసంచి పక్కకు జరిపాడు. దాని కింద మూరెడు గంధపు ముక్క. బెరడు మీద తెల్లగా, ముద్దుగా, పదిహేడు.

"ఇది దొంగసరుకని తెలీదా నీకు?" అన్నాను, సాధ్యమైనంత గట్టిగా.

"తెల్సు సారూ. తెల్వకుంటే గోనె కింద ఎందుకు దాస్త?"

"మరి ఎందుకు కొన్నావు?"

"మీ డిపోల కొందామని పోయిన. లారీ లెక్కన అమ్ముతమన్నరు. నాకు నెలకు చెయ్యంత కట్టె చాలు. లారీ కట్టె తెచ్చి యాడ పెట్టుకోవాలె, నెత్తి మీదనా?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది మా శాఖ సంగతి. అయినా యూనిఫాం వేసుకున్నాను కదా, ఏదో ఒకటి అనాలి.

"కేసు రాస్తే జైలుకు పోతావు. మిషను కూడా జప్తు చేస్తారు."

"రాయండ్రి సారూ. నేను పోతే ఈ గల్లీల మా అసొంటి పన్నెండు ఖరాదులు బందయితయ్. గది గూడ రాయండ్రి. గా నంబరు ఎవరు ఏసిన్రో గది గూడ రాయండ్రి. మస్తు ముద్దుగుంది చేతిరాత. ఏడుకు నడుమ గీత గూడ పెట్టిన్రు."

ఏడుకు మధ్యలో గీత పెట్టడం చిన్నప్పటి నుంచీ నా అలవాటు. గార్డు గోడవైపు తిరిగి దగ్గాడు.

ఆ ముక్కను ఆఫీసుకు తెచ్చి, "మూసీ ఒడ్డున దొరికింది, ముద్దాయి తెలియదు" అని రాశాను. అది నా సర్వీసులో మొదటి అబద్ధమని చెబితే మీరు నమ్మరు, కాబట్టి చెప్పను. దానికి బదులుగా ఆవిడ ఒక మాట ఇచ్చింది. దొంగకట్టె ఇక గల్లీలో ఎవరూ కొనరు. "ముందు నా ముంగటికే తెస్తరు సారూ. నేను వద్దంటే ఎవ్వరు ముట్టరు. గని నాకు కట్టె యాడికెళ్లి వస్తదో మీరు చూడాలె." ఆ పన్నెండు ఇళ్ళ పొయ్యి, ఇరవై ఎనిమిది చెట్ల ప్రాణం, రెండూ ఒకే కాగితానికి వేలాడుతున్నాయని నాకప్పుడు బుర్రకెక్కింది.

ఆ కాగితం రాయడానికి కూర్చున్నాను. డిపోలో ఎండి చీకిపోతున్న జప్తు గంధాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఖరాదువాళ్ళకు పర్మిట్ మీద అమ్మాలి. తోటలో ఎండిన కొమ్మలూ, పడిపోయిన చెట్లూ కూడా అలాగే ఇచ్చి, అందులో యజమానికి వాటా ఇవ్వాలి. బదులుగా గల్లీవాళ్ళు దొంగకట్టె మీద కన్నేసి ఉండాలి. ఇంతే. మా డివిజనల్ ఆఫీసర్ గారికి "ప్రజల భాగస్వామ్యం" అన్న మాట ఇష్టమని విని, రెండు పేజీల్లో దాన్ని పదకొండుసార్లు వాడాను. ఒకచోట అది చెట్లకు కూడా తగిలింది.

ఆయనకు నచ్చింది. నచ్చడమే ప్రమాదమైంది. స్వయంగా తోట చూస్తానన్నారు. ఇరవై ఎనిమిదీ క్షేమంగా ఉంటే అక్కడికక్కడే సంతకం, ఒక్కటి తగ్గినా ప్రతిపాదన చెత్తబుట్టకు, పైగా ఆ మూసీ ఒడ్డు కేసు తిరగదోడతామని కబురు. రేంజి ఆఫీసర్ గారు ఆ కబురు నాకు చాలా సంతోషంగా చదివి వినిపించారు.

తనిఖీ రోజు పొద్దున తోట గేటు దగ్గర గార్డు నాకోసం కాచుకుని ఉన్నాడు. "సార్, మీకొక ముచ్చట చెప్పాలె." "తరవాత" అన్నాను. వెనకే రెండు జీపులు వస్తున్నాయి. "తర్వాత కాదు సార్, గిప్పుడే" అన్నాడు. నేను వినిపించుకోకుండా ముందుకు నడిచాను.

మొదటి నంబరు కనబడింది. కానుగ చెట్టు మీద ఉంది. రెండో నంబరు, అదీ కానుగే. మూడోదీ అంతే. అసలు గంధపు చెట్ల వైపు చూశాను. వాటి మీద నంబరు లేదు, బురద పూసి ఉంది, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. ప్రభుత్వ గుర్తులు మార్చడం ఎంత నేరమో నాకు తెలుసు, ఆ సెక్షను నేనే గోడకు అంటించాను.

గార్డు నా చెవిలో గబగబా చెప్పాడు. "మాలిక్, ఖరాదు అక్క, నేను కలిసి చేసినం సార్. మీకు చెప్తే ఒప్పుకోరని చెప్పలే. అసలు చెట్ల మీద నంబర్లు గీకి, కానుగల మీద ఏసినం. అక్క ఖరాదు కాడ రాలిన గంధం పొట్టు తెచ్చి ఆముదంల కలిపి బెరడుకు రుద్దింది. దొంగలు వచ్చిన్రు. ఇరవై రెండో నంబరు కోస్కపోయిన్రు."

"ఏ ఇరవై రెండు?"

"కానుగ సార్. అమ్మనీకి అక్క దగ్గరికే తీస్కపోయిన్రు. ఇది కానుగరా అంటే, సర్కారు నంబరుందక్కా, అసలు సరుకే అని ఒట్టు పెట్టిండంట ఒకడు. మళ్ళ రాలే. ఇంకో కానుగకు ఇరవై రెండు ఏసినం. ఏం ఫికర్ చేయకుండ్రి."

ఫికర్ చేయకుండా ఎలా ఉంటాను? డివిజనల్ ఆఫీసర్ గారు అప్పటికే అయిదో నంబరు ముందు నిలబడ్డారు. ఆయన సర్వీసంతా మ్యాపుల మీద అడవులు చూసిన మనిషి. మెల్లగా వంగి, బెరడుకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

"ఆహా" అన్నారు. "ఇదీ మన సంపద."

ముక్కు చెప్పాక ఆయన కళ్ళను అడగలేదు. తలెత్తి ఒక్క ఆకు చూసి ఉంటే నా ఉద్యోగం అక్కడే అయిపోయేది. పై అధికారి వాసన చూశారు కనక రేంజి ఆఫీసర్ గారు కూడా వంగి వాసన చూశారు. "చాలా గాఢంగా ఉంది సార్" అన్నారు. ఆయనకు మాత్రం చెట్లు బాగానే తెలుసు. లేచాక ఆయన మొహం నా వైపు తిరిగింది, తరవాత తనిఖీ పుస్తకం వైపు తిరిగింది. "చాలా చక్కని పని" అని తను రాసిన పేజీ అందులోనే ఉంది. ఆయన గొంతు సవరించుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నారు.

డివిజనల్ ఆఫీసర్ గారు కాగితం నాకిచ్చి, చెట్లున్నాయని ధ్రువీకరించమన్నారు. గేటు పక్కన ఆ ఖరాదు ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పెద్దాయన అరుగు మీద ఉన్నాడు, పక్కన పళ్ళెంలో దానిమ్మ కాయలు, అప్పుడే ఎరుపెక్కినవి. గార్డు నేల చూస్తున్నాడు. నేను నిజం చెబితే ముందు పోయేది అతని ఉద్యోగం. నా తెలివితో మూడు చెట్లు పోయాయి. వీళ్ళ ముగ్గురి తెలివితో ఇరవై ఎనిమిది నిలిచాయి. అంత సిగ్గు నేను జీపు మునిగిన రోజు కూడా పడలేదు.

"ఈ తోటలో ఇరవై ఎనిమిది గంధపు చెట్లు క్షేమంగా ఉన్నవి" అని రాసి సంతకం పెట్టాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కావాలంటే లెక్కపెట్టుకోండి, నంబరు లేనివాటిని.

ఆయనా సంతకం పెట్టారు, దానిమ్మ తిన్నారు, వెళ్ళారు. నెల తిరిగేసరికి డిపోలో చేయి పొడవు ముక్కలు అమ్మడం మొదలైంది. మొదటి పర్మిట్ ఆవిడకే రాశాను, ఏడో తేదీన. అందుకుని, రెండు వైపులా తిప్పి చూసి, "గీత పెట్టుడు మర్వలే" అంది.

ఆ తరవాత ఆ తోటలో ఒక్క గంధపు చెట్టు కూడా దొంగతనంగా పోలేదు. ఒక్కసారి మాత్రం నేను పోగొట్టాను, అదీ చెబుతాను. ఉత్సాహం ఊరుకోనివ్వక ఒక మూల పొదలన్నీ పీకించి, నేల చదును చేయించి, నలభై గంధపు మొక్కలు వరసగా నాటించాను. అన్నీ ఆకులు పండుబారి చచ్చాయి. పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "అకేలా బతికే ఝాడ్ కాదు సాబ్ ఇది. పక్క చెట్టు వేర్ల నుంచి తాగి బతుకుతది. మీ మహెక్మా లెక్కనే." మహెక్మా అంటే మా శాఖే. మర్నాడు ఆయనే కంది గింజలు తెచ్చి గంధపు మొలక పక్కన నాటి చూపించాడు. మొలకలు పీకడం ఆయన ఎప్పుడు మానేశాడో నేను అడగలేదు. తరవాత రెండువేల సంవత్సరం దాటాక రూల్సు కూడా కొంత సడలాయి. అది నా కాగితం చదివి కాదు, పైన ఎవరికో బుద్ధి పుట్టి.

రిటైరయ్యే ముందు నా స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది. ఫారెస్ట్రీ చదివిన మనిషి, వరంగల్ వైపు. చార్జి అప్పగించే జాబితాలో కిషన్‌బాగ్ తోట, ఇరవై ఎనిమిది గంధపు చెట్లు, నంబర్లతో సహా ఉన్నాయి. చూసి వస్తానని పొద్దున్నే వెళ్ళింది. అప్పటికి గార్డు రిటైరై మనవలతో ఉన్నాడు, అతని పెన్షను పోతుందేమోనని నా భయం. మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సార్, నంబర్లున్న చెట్లన్నీ చూసిన."

"ఊ" అన్నాను.

"అన్నీ కానుగలే."

నేను పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను. ఆ అమ్మాయి జాబితా ముందుకు లాక్కుంది.

"నంబర్లు లేనియి గూడ చూసిన సార్. చిన్నా పెద్దా కలిసి యాభై దాటినయ్. గేటు కాడ ఒక పెద్దమ్మ కూసుంది, పూసలు చేస్తదట. ఆమె అంతా చెప్పింది." జాబితా మీద సంతకం పెట్టి నావైపు తిప్పింది. "నంబర్లు వెలిసిపోయినయ్ సార్. మళ్ళ ఏపియ్యాలె."

"ఏ చెట్లకి?" అని అడిగాను.

"ఏటి మీద ఉన్నయో గవ్విటికే, కానుగలకే" అంది.

ముప్పై ఏళ్ళ పైబడ్డ సర్వీసులో నా తరవాత వచ్చినవాళ్ళకు నేను ఇచ్చిన సాంకేతిక సలహా ఒక్కటే. ఆ రోజే ఇచ్చాను.

"ఏడుకు మధ్యలో గీత పెట్టించమ్మా."